‘మై ఫాదర్ ఆర్ కమింగ్’ అని రాసిన పిల్ల ఎక్కడ పొరపడింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ టీచర్లవే, కొన్ని అమ్మానాన్నలవి, ఒక్కటి మాత్రం పదో తరగతి చదివే అమ్మాయి రాసింది. అన్నీ బడి పిల్లలకి ఇంగ్లీష్ నేర్పడం చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశా. నేనూ చాలా ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పినదాన్నే, కాబట్టి పుస్తకాల్లో చదివినదాంతో పాటు క్లాసులో నాకు ఎదురైనవి కూడా కలిపి చెప్తాను.

ప్రశ్న: మేడం, ఎనిమిదో తరగతికి ఇంగ్లీష్ చెప్తున్నా. టెన్సులు పన్నెండూ రెండుసార్లు చెప్పాను, అడిగితే రూల్ గడగడా అప్పజెప్తారు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం ‘డైలీ ఐ విల్ గో టు స్కూల్’ అని రాస్తారు. ఎక్కడ లోపం ఉందో అర్థం కావట్లేదు. – ఒక హైస్కూల్ టీచర్

జవాబు: మీ దగ్గరా లోపం లేదు, పిల్లల దగ్గరా లేదండి. ఆ వాక్యాన్ని ఒకసారి తెలుగులోకి మార్చి చూడండి. ‘రోజూ బడికి వెళ్తాను.’ ఇప్పుడు ‘రేపు బడికి వెళ్తాను’ అని చూడండి. వెళ్తాను, వెళ్తాను, రెండిట్లో క్రియ ఒకటే కదా. అలవాటుకీ రేపటి పనికీ మనం ఒకే రూపం వాడతాం, తేడా అంతా ‘రోజూ’, ‘రేపు’ అన్న మాటలే చెప్తాయి. పిల్లాడికి ‘వెళ్తాను అంటే విల్ గో’ అని ఎప్పుడో ఎవరో చెప్పారు, వాడు దాన్ని అన్నిచోట్లా నమ్మకంగా వాడుతున్నాడు. వాడు రూల్ మర్చిపోలేదు, తెలుగు రూల్‌ని పక్కాగా పాటిస్తున్నాడు.

అందుకే పన్నెండు టెన్సుల పట్టిక పక్కన పెట్టేసి, బోర్డు మీద ఆ రెండు తెలుగు వాక్యాలూ రాసి, క్రియలో తేడా ఏమన్నా ఉందా అని పిల్లల్నే అడగండి. లేదంటారు. మరి మీకెలా తెలిసిందిరా అంటే రోజూ, రేపు ఉన్నాయి కదా మేడం అంటారు. అప్పుడు వాటి కింద ‘ఐ గో ఎవ్రీ డే’, ‘ఐ విల్ గో టుమారో’ రాసి, మనం ఆ మాటల మీద వదిలేసిన పనిని ఇంగ్లీష్ క్రియతో కూడా చేయిస్తుంది అని చెప్పండి. దీనికి పది నిమిషాలు చాలు. ఆ తర్వాత నెల రోజులు వాళ్ల రోజు గురించీ రేపటి గురించీ మాట్లాడించాలి, అది మాత్రం పది నిమిషాల్లో అయ్యే పని కాదు.

నాకు ఈ సంగతి నేర్పింది ఆరో తరగతి పిల్ల ఒకతి. నోటుబుక్కులో ‘మై ఫాదర్ ఆర్ కమింగ్’ అని రాసింది. నేను ‘ఆర్’ కొట్టేసి పైన ఎర్ర ఇంకుతో ‘ఈజ్’ రాశా. వారం తిరక్కుండా మళ్లీ ‘మై గ్రాండ్‌ఫాదర్ ఆర్ సిటింగ్’. పిలిచి, ఒక్కరే కదమ్మా, ఒక్కరైతే ఈజ్ అని చెప్పాను కదా అన్నాను. ఆ పిల్ల నా వంక చూసి మెల్లిగా ‘నాన్నగారు వస్తున్నాడు అనకూడదు కదా మేడం, వస్తున్నారు అనాలి కదా’ అంది. నేను కాసేపు ఏం మాట్లాడలేకపోయా. ఆ పిల్ల ‘ఆర్’ రాసింది గౌరవం కోసం! తెలుగులో ‘వస్తున్నారు’ అంటే బహువచనమూ అదే, మర్యాదా అదే. తండ్రిని ‘ఈజ్’ అనడానికి ఆ పిల్లకి మనసు ఒప్పలేదు. నేను కొట్టేసింది ఒక పదాన్నే అనుకున్నా, ఆ పిల్ల మటుకు వాళ్ల నాన్న మర్యాదనే కొట్టేశాననుకుంది. ఇంగ్లీష్‌లో మర్యాద క్రియలో ఉండదమ్మా, గొంతులోనూ, ‘ప్లీజ్’, ‘సర్’ లాంటి మాటల్లోనూ ఉంటుంది, ‘ఈజ్’ అంటే చిన్నచూపు కాదు అని చెప్పాక మళ్లీ ఎప్పుడూ ఆ తప్పు రాయలేదు.

అప్పట్నుంచి తప్పు కనపడగానే ముందు దాని వెనక ఉన్న తెలుగు వాక్యం వెతుక్కోవడం అలవాటైంది. అమ్మ గురించి రాస్తూ మధ్యలో ‘ఇట్’ అనేస్తారు చూడండి, ‘అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది’, మన క్రియకి రెండూ ఒకటే కదా మరి. ‘టేబుల్ ఆన్’ అని రాసే చిన్నపిల్లలు ‘బల్ల మీద’ వరసే పాటిస్తున్నారు, మనకి ‘మీద’ వెనక వస్తుంది, ఇంగ్లీష్‌లో ‘ఆన్’ ముందు వస్తుంది. ఇక ‘ఎ’, ‘ద’ల సంగతి చెప్పక్కర్లేదు, తెలుగులో అసలు ఆ సరుకే లేదు అని అందరూ అంటారు, కానీ పూర్తిగా లేకపోలేదు. ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.’ మొదటిసారి చెప్పినప్పుడు ఒక రాజు, వినేవాళ్లకి తెలిసిపోయాక ఆ రాజు. అదే ‘ఎ కింగ్’, ‘ద కింగ్’. ఆర్టికల్స్ అన్నీ దీనితో తేలిపోవు, కానీ డెఫినెట్, ఇన్‌డెఫినెట్ అన్న నిర్వచనాల కంటే ఈ కథ మొదలు పిల్లలకి వెంటనే ఎక్కుతుంది.

ప్రశ్న: కంపోజిషన్ బుక్కుల్లో ప్రతి తప్పూ దిద్దాలా? రాత్రి పదకొండు దాకా కూర్చున్నా తెమలట్లేదు, పిల్లలేమో కింద వేసిన మార్కు చూసి మూసేస్తున్నారు.

జవాబు: వద్దండి, దిద్దకండి. ఒక వారం ఒక్క రకం తప్పే చూస్తాను అని పిల్లలకి ముందే చెప్పేయండి, ఈ వారం భూతకాలం క్రియలు మాత్రమే అనుకుందాం. తప్పు ఉన్న లైను పక్కన మార్జిన్‌లో చిన్న గీత పెట్టండి చాలు, ఎక్కడుందో వాళ్లే వెతుక్కుని సరిచేసుకోవాలి. మీరు రాసి ఇచ్చేదానికంటే వాళ్లు వెతికి పట్టుకున్నదే గుర్తుంటుంది.

మాటల్లో తప్పులకీ ఇదే. పిల్లాడు ‘హి గో’ అంటే మనం అలవాటుగా ‘ఎస్, హి గోస్’ అనేసి ముందుకెళ్లిపోతాం. 1997లో లిస్టర్, రాంటా అనే ఇద్దరు కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమం క్లాసులు రికార్డు చేసి చూస్తే టీచర్లు దిద్దే పద్ధతుల్లో సగం పైన ఇలా సరిచేసి తిరిగి చెప్పేయడమేనట, పిల్లలు అతి తక్కువగా అందుకున్నదీ దాన్నే. టీచర్ నా మాట ఒప్పుకుంది అనుకుంటారు పాపం. అదే ‘హి...?’ అని ఆగితే వాడే ‘గోస్’ అని పూర్తిచేస్తాడు.

అయితే ఆ ‘గోస్’ చివరి ‘స్’ గురించి మాత్రం ఓపిక పట్టండి. 1974లో డ్యులే, బర్ట్ అనే పరిశోధకులు స్పానిష్ మాట్లాడే పిల్లలూ చైనీస్ మాట్లాడే పిల్లలూ ఇంగ్లీష్ ఎలా నేర్చుకుంటున్నారో చూస్తే, ఇంటి భాష వేరైనా దాదాపు ఒకే వరసలో నేర్చుకుంటున్నారని తేలింది, ‘ఇంగ్’ ముందే వచ్చేస్తుంది, ఈ ‘స్’ చాలా ఆలస్యంగా వస్తుంది. మనం చెప్పేది మూడో తరగతిలో, మాటలోకి వచ్చేది ఎప్పటికో. దానికోసం పిల్లల్ని తిట్టి లాభం లేదు.

ప్రశ్న: మూడో తరగతి పిల్లలు ‘సీ ఏ టీ క్యాట్’ అని అన్నీ బట్టీ పట్టారు. కొత్త పదం ఇస్తే ఒక్కటీ చదవలేరు. ఏం చేయాలి? – ప్రైమరీ టీచర్

జవాబు: ‘సీ ఏ టీ’ అని కలిపి పలికితే ‘సీయేటీ’ అవుతుంది గానీ ‘క్యాట్’ ఎలా అవుతుంది చెప్పండి? పిల్లలకి మీరు ఇచ్చింది అక్షరాల పేర్లు, చదవడానికి కావాల్సింది అక్షరాల శబ్దాలు. తెలుగులో ఈ బాధ లేదు, ‘క’ పేరూ ‘క’నే, శబ్దమూ ‘క’నే. ఇంగ్లీష్‌లో ‘డబ్ల్యూ’ అనే పేరులో ఆ అక్షరం పలికే శబ్దమే లేదు. పైగా అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44, కాబట్టి ఒకే అక్షరం రెండు మూడు వేషాలు వేస్తుంది.

ముందు ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలు తీసుకుని వాటి శబ్దాలు మాత్రం నేర్పండి, పేర్లు తర్వాత చూసుకోవచ్చు. ‘స్’, ‘ట్’, ‘ప్’ అని పొట్టిగా పలికించాలి, ‘స’, ‘ట’ అని చివర అచ్చు తగిలిస్తే కలపడం కుదరదు. ఈ ఆరింటితోనే సిట్, పిన్, టిన్, ట్యాప్, ప్యాన్, స్పిన్ అన్నీ చదివేయొచ్చు. ఒక పిల్లాడు ఎప్పుడూ చూడని పదాన్ని తనంతట తాను చదివిన క్షణం ఉంటుంది చూడండి, ‘స్... ప్... ఇ... న్... స్పిన్!’ అని తలెత్తి మన మొహంలోకి చూస్తాడు, దానికోసమే కదా ఈ ఉద్యోగం చేస్తాం.

మన పిల్లలకి ఒక వరం కూడా ఉంది, గుణింతాలూ ఒత్తులూ వచ్చినవాళ్లకి శబ్దాలు కలపడం అనే పని కొత్త కాదు. ‘స’కి ‘ప’ ఒత్తిస్తే ఏమవుతుంది అని అడిగితే ‘స్పిన్’ మొదట్లో ఉన్న ముడి టక్కున విప్పుతారు. ‘ఇస్కూలు’, ‘బుక్కు’ అనడం మాత్రం ఉంటుంది, ఎందుకంటే మన నోటికి మాట అచ్చుతో ముగియాలి. నవ్వకుండా, చివరి అచ్చు మింగేసి పలికే ఆటలా ఆడించండి.

‘ద’, ‘వాజ్’, ‘సెడ్’ లాంటివి శబ్దాలు కలిపితే కుదరవు, అవి చూసి గుర్తుపట్టాల్సిందే. ఎడ్వర్డ్ డోల్చ్ అనే ఆయన 1936లోనే పిల్లల పుస్తకాల్లో మాటిమాటికీ వచ్చే 220 పదాలు ఏరి జాబితా చేశాడు, వారానికి ఐదారు చొప్పున అట్టముక్కల మీద రాసి గోడకి తగిలిస్తే ఏడాదిలో చాలావరకు అయిపోతాయి.

ఉచ్చారణకి ఒక చిన్న పని చేసి చూపించండి. పల్చటి కాగితం ముక్క పెదాల ముందు పట్టుకుని తెలుగులో ‘పలక’ అనండి, కాగితం దాదాపు కదలదు. ఇంగ్లీష్ తీరులో ‘పెన్’ అనండి, గాలికి ఎగరాలి. అలాగే దిక్కు అయిన ‘వెస్ట్’కి పెదాలు ఈల వేసేటట్టు గుండ్రంగా చుట్టాలి, లోపల తొడుక్కునే ‘వెస్ట్’కి పై పళ్లు కింది పెదవిని తాకాలి, తెలుగులో రాస్తే రెండూ ఒకటే కాబట్టి నోరు చూపించే నేర్పాలి, చెవికి వదిలేస్తే దొరకదు.

ప్రశ్న: కొత్తగా చేరాను మేడం. ఏది అడిగినా క్లాసంతా నిశ్శబ్దం. ముందు బెంచీలో ఇద్దరే చెప్తారు. నలభై మందితో ఇంగ్లీష్ ఎలా మాట్లాడించాలి?

జవాబు: ముందు ఒక లెక్క వేద్దాం తల్లీ. నలభై మంది, నలభై నిమిషాల పీరియడ్. నువ్వు ఒక్క ముక్క మాట్లాడకపోయినా ఒక్కొక్కరికి వచ్చేది ఒక్క నిమిషం. అందులో సగం నువ్వే మాట్లాడతావు, మిగిలింది ముందు బెంచీ ఇద్దరూ తీసుకుంటారు. వెనక బెంచీ పిల్ల ఏడాదంతా ఇంగ్లీష్ పీరియడ్‌లో కూర్చుని ఒక్క వాక్యం కూడా పలక్కుండా పై తరగతికి వెళ్లిపోతుంది, ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని చూశానో, అందులో నా క్లాసు పిల్లలూ ఉన్నారు. అందుకే జంటలుగా కూర్చోబెట్టు. ఒకేసారి ఇరవై నోళ్లు తెరుచుకుంటాయి. గోల అవుతుంది, కానివ్వు. పక్క క్లాసు టీచర్‌కి ముందే ఒక మాట చెప్పుంచు.

ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియనప్పుడే మాట అవసరం పడుతుంది. ‘వాట్ ఈజ్ యువర్ నేమ్’ అని రోజూ పక్కన కూర్చునేదాన్ని అడిగితే ఏముంటుంది? వీపులు ఆనించి కూర్చోబెట్టి ఒకరి చేతికి బొమ్మ, ఇంకొకరి చేతికి తెల్ల కాగితం ఇవ్వు. బొమ్మ ఉన్నవాడు చెప్పాలి, కాగితం ఉన్నవాడు గీయాలి. ‘ట్రీ ఈజ్ లెఫ్ట్... నో నో, బిగ్ ట్రీ... అండర్ ట్రీ వన్ డాగ్.’ ఆర్టికల్స్ ఉండవు, పోనీయ్. చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటారు చూడు, కుక్క చెట్టెక్కి ఉంటుంది, ‘ఐ సెడ్ అండర్!’ అని ఒకడు అరుస్తాడు. ఆ ‘అండర్’ వాడికి జన్మలో పోదు.

1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు గారు దక్షిణ భారతదేశంలో కొన్ని బడుల్లో సరిగ్గా ఈ నమ్మకంతోనే ఒక ప్రయోగం నడిపారు. గ్రామర్ వరసగా చెప్పడం మానేసి, రైలు టైం టేబుల్ చూసి ఏ బండి ముందు చేరుతుందో తేల్చడం, మ్యాపులో దారి వెతకడం లాంటి పనులు ఇంగ్లీష్‌లో ఇచ్చారు. పిల్లల ధ్యాస భాష మీద కాకుండా లెక్క తేల్చడం మీద ఉన్నప్పుడే భాష బాగా ఒంటబడుతుందన్నది ఆయన మాట. ప్రపంచంలో ఇవాళ టాస్కులతో భాష నేర్పడం గురించి ఎవరు మాట్లాడినా ఆ పని తలుచుకుంటారు.

ఇంకో సంగతి, ప్రశ్న అడిగాక నువ్వు ఎంతసేపు ఆగుతున్నావో చూసుకో. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసులు గమనించి చెప్పిందేంటంటే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగరట, మూడు సెకన్లు ఆగినచోట జవాబులు పెద్దవయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా చెప్పారు. మనవాళ్లు ప్రశ్న తెలుగులోకి మార్చుకుని, జవాబు తెలుగులో అనుకుని, మళ్లీ ఇంగ్లీష్‌లోకి మార్చుకోవాలి, మూడు కాదు, ఐదు లెక్కపెట్టుకో.

అసలేం రాని చిన్న తరగతి అయితే మాట్లాడమని బలవంతం పెట్టొద్దు. ‘స్టాండ్ అప్’, ‘టచ్ ద డోర్’, ‘గివ్ ద రెడ్ బుక్ టు హర్’ అని నువ్వు చెప్పు, వాళ్లు చేస్తే చాలు. జేమ్స్ ఆషర్ అనే ఆయన 1960ల్లో పెట్టిన పద్ధతి ఇది. పసిపిల్లలు మాట్లాడకముందు నెలల తరబడి వింటారు కదా, రెండో భాషకీ ఆ వినే కాలం కావాలి. చెప్పింది చేస్తున్నాడంటే వాడు నేర్చుకుంటున్నట్టే లెక్క.

ప్రశ్న: క్లాసులో తెలుగు మాట్లాడొచ్చా? మా దగ్గర తెలుగు మాట్లాడితే పిల్లలకి ఫైన్.

జవాబు: ఫైన్ వేయడం అన్యాయం, నాకు ఇందులో రెండో ఆలోచన లేదు. ఫైన్ భయానికి పిల్లలు ఇంగ్లీష్ మాట్లాడరు, మాట్లాడ్డమే మానేస్తారు. ‘అయినా సరే’ అన్న అర్థంతో వచ్చే ‘ఆల్దో’ లాంటి మాటని ఇంగ్లీష్‌లో పది నిమిషాలు సైగలు చేసి చెప్పేకంటే తెలుగులో ఒక్క ముక్క చెప్పి, మిగిలిన తొమ్మిది నిమిషాలూ దాన్ని వాడించడం మేలు. అలాగని పాఠం మొత్తం తెలుగులో అనువాదం చేసి వినిపిస్తే పిల్లలు ఇంగ్లీష్ లైను వినడమే మానేసి మీ తెలుగు కోసం కాచుక్కూర్చుంటారు. ‘ఓపెన్ యువర్ బుక్స్’, ‘హూ ఈజ్ ఆబ్సెంట్ టుడే’, ఇలాంటి రోజువారీ మాటలన్నీ ఇంగ్లీష్‌లోనే ఉంచండి.

ప్రశ్న: నాకూ మా వారికీ ఇంగ్లీష్ రాదండి. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని స్కూల్లో చెప్పారు. మా బాబు వెనకబడిపోతాడేమో అని భయంగా ఉంది. – ఒక తల్లి

జవాబు: భయపడకమ్మా. రాని భాషలో బిడ్డతో మాట్లాడితే ఏం మిగులుతుంది, ‘కమ్, సిట్, డూ హోంవర్క్’ అన్న మూడు ముక్కలే కదా. వాడితో తెలుగులోనే బోలెడు మాట్లాడు. ఈ రోజు ఏం జరిగిందిరా, ఎందుకలా అయింది, నువ్వైతే ఏం చేసేవాడివి అని అడుగు. కారణం చెప్పడం, వరసగా చెప్పడం, ఇవి ఒక భాషలో వస్తే ఇంకో భాషకి కూడా పనికొస్తాయని జిమ్ కమ్మిన్స్ అనే పరిశోధకుడు ఎప్పుడో 1979లోనే రాశాడు. ఆయనే ఇంకోటి కూడా చెప్పాడు, చుట్టూ అందరూ ఇంగ్లీష్ మాట్లాడే దేశాల్లో పెరిగే పిల్లలకి కూడా మామూలు మాటలకి రెండేళ్లు, పాఠాలు అర్థమయ్యే స్థాయి ఇంగ్లీష్‌కి ఐదేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుందని. మీ బాబు వెనకబడలేదు, మామూలు వేగంతోనే వెళ్తున్నాడు.

నువ్వు చేయగలిగిన గొప్ప పని ఒకటి ఉంది. రోజూ పది నిమిషాలు వాడి ఇంగ్లీష్ పుస్తకం వాడి చేతే బయటికి చదివించుకుని, ‘ఇదేంటో నాకు తెలుగులో చెప్పవా’ అని అడుగు. వాడు నీకు టీచర్ అవుతాడు. నీకు నిజంగానే తెలియదు కాబట్టి వాడు నిజంగానే చెప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: మేడం, నేను టెన్త్. రోజుకి పది కొత్త వర్డ్స్ మీనింగ్స్‌తో రాసుకుంటున్నా. నెల తర్వాత చూస్తే సగం గుర్తుండట్లేదు. నా మెమరీ ప్రాబ్లమా?

జవాబు: నీ జ్ఞాపకశక్తి బంగారంలా ఉంది తల్లీ, నీ పద్ధతి మార్చుకుంటే చాలు. 1885లో ఎబింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, తనే పరీక్ష పెట్టుకుని, మొదటి రోజుల్లోనే ఎక్కువ భాగం జారిపోతుందని, మధ్యమధ్యలో ఎడం ఇచ్చి మళ్లీ చూసుకుంటే నిలుస్తుందని లెక్కతో సహా చూపించాడు. కాబట్టి రోజుకి పది వద్దు, ఐదు చాలు, కానీ రేపు ఒకసారి, నాలుగు రోజులకి ఒకసారి, రెండు వారాలకి ఒకసారి వాటిని మళ్లీ చూడు. చూసేటప్పుడు మీనింగ్ వైపు అరచెయ్యి అడ్డం పెట్టుకుని ముందు గుర్తు తెచ్చుకో, తర్వాతే చెయ్యి తియ్యి.

ఏ మాటలు రాసుకుంటున్నావన్నది కూడా ముఖ్యం. డిక్షనరీలో ‘ఎ’ నుంచి మొదలుపెట్టేవాళ్లని చూశాను, ‘అబాకస్’ దగ్గర అలసిపోతారు. మైఖేల్ వెస్ట్ అనే ఆయన 1920ల్లో ఢాకాలో పనిచేస్తూ బెంగాలీ పిల్లలు ఇంగ్లీష్ పుస్తకాలు చదవలేక పడే తిప్పలు చూసి, అరుదైన మాటలు తీసేసి తరచూ వచ్చే మాటలతోనే రీడర్లు రాశాడు. ఆయన 1953లో అచ్చు వేయించిన దాదాపు 2000 మాటల జాబితాలోవి వస్తే మామూలుగా మనం చదివే దాంట్లో ఐదింట నాలుగు వంతులు మాటలు తెలిసినట్టే. ముందు అవి గట్టి చేసుకో.

ఇంకోటి, మాటని ఒంటరిగా రాసుకోకు. ‘మిస్టేక్ అంటే తప్పు’ అని రాసుకుంటే ‘తప్పు చేశాను’ అనాల్సి వచ్చినప్పుడు ‘ఐ డిడ్ మిస్టేక్’ అంటావు, ఎందుకంటే తెలుగులో పని చేస్తాం, తప్పు చేస్తాం, సాయం చేస్తాం, అన్నిటికీ ‘చేయడం’ ఒక్కటే. ‘మేక్ ఎ మిస్టేక్’ అని జతగా రాసుకో, పక్కన నీ సొంత వాక్యం ఒకటి రాసుకో, నీ జీవితంలోదే రాయి.

అన్నిటికంటే పైన, నీ క్లాసు కంటే రెండు తరగతుల కిందివాళ్ల కథల పుస్తకాలు చదువు, సిగ్గుపడకు. హాయిగా చదువుకుంటూ వెళ్లాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని పాల్ నేషన్ లాంటి పరిశోధకులు తేల్చారు. ఒక పేజీలో నూరు మాటలు లెక్కపెట్టి చూడు, తెలియనివి రెండు మూడు ఉంటే ఆ పుస్తకం నీది, పది ఉంటే వచ్చే ఏడాదికి దాచిపెట్టుకో. మూడు పుస్తకాలు అయ్యాక నాకు మళ్లీ ఉత్తరం రాయి, ఈసారి ఇంగ్లీష్‌లో రాయి, తప్పులున్నా ఫర్లేదు.